గోపురం వేలు

ఆ శనివారం సంతలో అందరికంటే ముందు కనిపెట్టింది చీజు అమ్మే అల్మా. పదకొండు కొట్టగానే ఎప్పటిలాగే గంటల గోపురం మీద ఒమేర్ వాయించడం మొదలుపెట్టాడు. నలభై తొమ్మిది గంటలు, వాటన్నిటికీ ఒకే మనిషి, రెండు పిడికిళ్ళు. కింద సంతలో ఎవరూ తలెత్తి చూడరు. చూసినా కనిపించేది రాతిగోడా, దాని మీద కాకులూ తప్ప మనిషి కనిపించడు. అల్మా మాత్రం చీజు కోస్తున్న తీగ ఆపి, మెడ పక్కకు వాల్చి వింది.

"మీ బాబాయ్ కుడిచెయ్యి కుంటుతోందే, రోజెలీన్."

"చెయ్యి కుంటడమేంటి పెద్దమ్మా, కాలు కదా కుంటేది?"

"ఎకసెక్కాలు చాలు. పాట పైకెక్కేసరికి ఒక మెట్టు తప్పుతున్నాడు. అదిగో, మళ్ళీ! నలభయ్యేళ్ళుగా ఈ గంటల కింద నిలబడి అమ్ముకుంటున్నా, నా చెవులకి నువ్వు పాఠాలు చెప్పకు. తొందరగా బాగుచెయ్యి. నువ్వున్నది అందుకేగా?"

"అవుతుంది, అవుతుంది. ఇంకో నాలుగు వారాలు," అంది రోజెలీన్, చీజు పొట్లం సంచిలో వేసుకుంటూ. ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె తనను తాను తిట్టుకోని రోజు లేదు.

గోపురం వెనక సందులో ఆమె క్లినిక్. భుజం, మోచెయ్యి, మణికట్టు: ఈ మూడు కీళ్ళ నొప్పులకూ ఆ చుట్టుపక్కల ఆమెను మించిన ఫిజియోథెరపిస్టు లేదని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న కామీల్ ముప్పయ్యేళ్ళు ఆ గంటలే వాయించాడు. ఆ వాద్యాన్ని వేళ్ళతో మీటరు. బల్ల మీద కూర్చుని, ఎదురుగా వరసగా పొడుచుకొచ్చిన కర్రపిడులను మూసిన పిడికిలితో, చిటికెనవేలి పక్కతో కొట్టాలి. బరువైన గంటలకైతే కాళ్ళతో తొక్కాలి. ఏళ్ళ తరబడి కొట్టగా కొట్టగా ఆ వేలు మొద్దుబారుతుంది, నొప్పి మోచేతి లోపలి అంచు పట్టుకుని భుజానికి పాకుతుంది. గంటలు వాయించే వాళ్ళకు ఏదో ఒకనాడు వచ్చి తీరేదే. ఊళ్ళో దాన్ని 'గోపురం వేలు' అంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ళ గొంతులో కాస్త గర్వం కూడా ఉంటుంది, సిపాయి తన గాయం చూపించుకున్నట్టు.

చదువు ముగించి వచ్చిన ఏడాదే రోజెలీన్ నాన్న గోపురం వేలు నయం చేసింది. స్వయంగా పైకెక్కి, ఆయన వాయిస్తుంటే పక్కన నిలబడి చూసి, కూర్చునే బల్ల రెండంగుళాలు ఎత్తించింది. భుజాలు చెవుల దగ్గరికి ఎక్కించకుండా కొట్టడం నేర్పింది. మూడు నెలల్లో నొప్పి మాయం. ఆ కబురు గోపురం నుంచి గోపురానికి పాకింది. పక్క ఊళ్ళ గంటలవాళ్ళంతా పిడికిళ్ళు పట్టుకుని ఆమె సందులోకి రావడం మొదలుపెట్టారు. ఒక్కరినీ ఆమె వట్టిచేతులతో పంపలేదు. మనిషి కుర్చీలో కూర్చోకముందే జబ్బు పేరు చెప్పేస్తుందని జనం మెచ్చుకునేవారు. అదే కొంప ముంచింది.

ఒమేర్ నాన్నకు శిష్యుడు. నాన్న పోయాక అదే బల్ల మీద కూర్చున్నవాడు. రోజెలీన్‌కు అయిదేళ్ళప్పుడు ఆమెను కుడిభుజం మీద కూర్చోబెట్టుకుని మూడొందల పన్నెండు మెట్లూ ఎక్కి గంటలు చూపించాడు. అప్పటినుంచీ బాబాయే. ఇప్పుడాయనకు అరవై ఏడు. భార్య పోయి నాలుగేళ్ళయింది. చుట్టలు మానేసి పదేళ్ళయింది. ఈస్టర్ వెళ్ళిన వారం ఆ కుడిభుజమే పట్టుకుని క్లినిక్‌కు వచ్చాడు.

"రా బాబాయ్. ఏ వేలు?" అంది రోజెలీన్, తలుపు తీస్తూనే.

"ఇంకే వేలు? మీ నాన్న నాకు రాసిచ్చిన ఆస్తి అదొక్కటే కదా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. జబ్బుకు పేరు అక్కడే, గడప దగ్గరే పడిపోయింది.

ఆమె పరీక్షలన్నీ చేసింది. చేయలేదనడానికి వీల్లేదు. చెయ్యి పక్కనుంచి పైకెత్తమంది. భుజం కండరం నలిగిన వాళ్ళకు సగం ఎత్తులో చురుక్కుమంటుంది. ఒమేర్ చెయ్యి నిమ్మళంగా చెవి దాకా లేచింది. మోచెయ్యి మడిచి చూసింది, మణికట్టు తిప్పి చూసింది, భుజం ముందువైపు బొటనవేలితో నొక్కింది.

"ఇక్కడా?"

"అక్కడే అనుకో."

"అనుకోడమేంటి బాబాయ్? నొప్పా, కాదా?"

"నొప్పే. నువ్వు నొక్కినా నొప్పే, నొక్కకపోయినా నొప్పే. దానికి నీతో పని లేనట్టుంది."

ఆమె విన్నది. చెవిలోంచి ముందుకు పోనివ్వలేదు. గోడ మీద వేలాడే పటం దగ్గరికి ఆయన్ని తీసుకెళ్ళి, అందరికీ చెప్పే పాఠమే చెప్పింది. నొప్పి పుట్టేది ఒకచోట, అరిచేది ఇంకోచోట. భుజమంటే చిన్న సాసరు మీద నిలబెట్టిన బంతి. దాన్ని పడకుండా పట్టుకునేవి చుట్టూ ఉన్న కండరాలే, అవి అలిసిపోతే మోచెయ్యీ మణికట్టూ వాటి పని కూడా నెత్తినేసుకుంటాయి.

"ఇదిగో ఈ నరం చూడు," అంటూ పటం మీద వేలు నడిపించింది. "మెడలోంచి బయల్దేరుతుంది. మెడ ఎముక కిందనుంచి, ఊపిరితిత్తి కొస మీదుగా, చంకలోంచి దిగి, మోచేతి వెనక, తగిలితే జిల్లుమంటుందే, అక్కణ్ణుంచి చిటికెనవేలికి. ఈ దారిలో ఎక్కడ నలిగినా లబలబలాడేది చిటికెనవేలే."

ఒమేర్ పటం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆమె వేలు మాత్రం ఎక్కడా ఆగకుండా చిటికెనవేలి దాకా దిగిపోయింది.

కసరత్తులు నేర్పింది. బల్ల మీద ఎడమచెయ్యి ఆనించి ముందుకు వంగి, కుడిచేతిని బావిలో చేదలా వేలాడదీసి గుండ్రంగా ఊపడం. తలుపు చట్రానికి ముంజేతిని ఆనించి ఛాతీ సాగదీయడం. పళ్ళెం మోస్తున్నట్టు అరచెయ్యి చెవి దగ్గరికి తెచ్చి, మళ్ళీ చాచి, నరాన్ని దాని గొట్టంలో జారనివ్వడం. రెక్క ఎముకలు వెనక్కి దగ్గర చేసి అయిదు లెక్కపెట్టడం. మణికట్టు వంచకూడదు. ఇరవై నిమిషాలకు మించి ఒకే ఊపున వాయించకూడదు. ఇలాంటివి ఎన్ని చేతుల్ని నిలబెట్టాయో ఆమెకు తెలుసు. ఒమేర్ శిష్యురాలు ఫెమ్కె మణికట్టు కట్టుతో వచ్చి, రెండు నెలల్లో కట్టు విప్పేసి వెళ్ళింది. మంచి మందే. రోగం వేరు, అంతే.

మూడో వారం డాక్టర్ బోసార్ట్ ఫోన్ చేశాడు. ఒమేర్‌ను ఫిజియోథెరపీకి రాసి పంపింది ఆయనే.

"ఒమేర్ రాత్రుళ్ళు నిద్రపోవడం లేదటండీ. ఒకసారి ఎక్స్‌రే తీయిద్దామా? తీయిద్దామంటే ఆయన, 'రోజెలీన్ గోపురం వేలని చెప్పింది, యంత్రం కంటే ఆ అమ్మాయికే ఎక్కువ తెలుసు' అంటున్నాడు. మీరేమంటారు?"

డాక్టరు తనను అడిగినందుకు రోజెలీన్‌కు లోపల ఒక చిన్న పొంగు. ఆ సాయంత్రమే రిపోర్టు రాసింది. 'లక్షణాలన్నీ గోపురం వేలువే. ప్రస్తుతం ఎక్స్‌రే అవసరం లేదు. ఇంకో తొమ్మిది సార్లు చికిత్స కావాలి.' కింద సంతకం చేసింది. ఆమె అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి.

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. గోపురం నీడలో పెరిగిన మనిషికి ప్రతి నొప్పీ పైనుంచే దిగినట్టుంటుంది. ఆమె కళ్ళ ముందే ఒక్కొక్కటీ జరుగుతూ వచ్చింది, ఒక్కొక్కదానికీ ఆమె దగ్గర ఒక సమాధానం సిద్ధంగా ఉంది. ఒమేర్ వచ్చి కూర్చుంటే కుడి మోచేతిని ఎడమ అరచేతిలో పెట్టుకుని, పసిబిడ్డను మోస్తున్నట్టు పట్టుకుని కూర్చునేవాడు. చేతికి విశ్రాంతి ఇస్తున్నాడులే అనుకుంది. బెల్టుకు కొత్త చిల్లు పడింది. ఒంటరి మగవాడు, ఏం వండుకుంటాడు పాపం అనుకుంది. కుడికన్ను రెప్ప కాస్త వాలింది. నిద్ర లేదు కదా. కసరత్తు చేశాక ఆయన రుమాలు తీసి ఎడమ చెంప ఒక్కటే తుడుచుకునేవాడు. దానికి మాత్రం సమాధానం వెతకలేదు, ఎందుకంటే అసలు చూడలేదు. చూసింది, చూశానని తెలుసుకోలేదు.

లూవెన్ యూనివర్సిటీలో చదువుకునేటప్పుడు వాళ్ళకు పాఠం చెప్పిన ముసలి టీచరు ప్రతి క్లాసు చివరా ఒకే మాట అనేది: "కదిలిస్తే మారే నొప్పి మనది. ఎటు కదిలించినా మారనిది మనది కాదు. మనది కానిదాన్ని దగ్గర ఉంచుకోకండి." పిల్లలంతా ఆ మాటను పాటలా పాడి వెక్కిరించేవారు. వెక్కిరించిన వాళ్ళలో రోజెలీన్ గొంతే పెద్దది.

అల్మా సంతలో చెయ్యి కుంటుతోందన్నది ఏడో వారం. ఆ తర్వాత రోజెలీన్‌కు మనసులో ఏదో ముల్లు దిగింది. కోపం కూడా వచ్చింది. అల్మా మీద కాదు, ఆ చేతి మీద. తన మాట వినని చెయ్యి అదొక్కటే.

తొమ్మిదో వారం ఒక పేకముక్క తెచ్చి ఒమేర్ కుడిచేతి చివరి రెండు వేళ్ళ మధ్య పెట్టింది.

"గట్టిగా పట్టుకో బాబాయ్. నేను లాగుతా. ఇస్తే ఓడినట్టే."

"ఏంటి పందెం?"

"ఓడినవాళ్ళు బీరు పోయించాలి."

ఆమె లాగింది. లాగిందనడం కూడా ఎక్కువే. పేకముక్క వెన్నలోంచి వెంట్రుకలా జారి వచ్చేసింది. ఒమేర్ పళ్ళు బిగించి ఉన్నాడు, మెడనరాలు ఉబ్బి ఉన్నాయి, వేళ్ళు మాత్రం ఆయన మాట వినలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండ కరిగి అక్కడ చిన్న గుంట పడింది. రోజెలీన్ ఆ గుంట మీద వేలు పెట్టి, వెంటనే తీసేసింది.

"నేనే పోయిస్తాలే," అన్నాడు ఒమేర్. నవ్వలేదు.

"వాడక తగ్గింది కదా, అందుకే," అంది ఆమె. ఆమె గొంతు ఆమెకే నచ్చలేదు. "పైకొచ్చి నువ్వు కూర్చునే తీరు చూస్తాను. బల్ల చూస్తే తెలిసిపోతుంది. నాన్నకీ అంతేగా."

"రా. నిన్ను మోసుకెళ్ళలేను గానీ."

జూన్ చివరి శనివారం, పదకొండో వారం, ఆమె పదిన్నరకు గోపురం తలుపు దగ్గరికి వెళ్ళింది. పొద్దుటి నుంచే ఉక్క. సంత మీద గాలి కదలడం లేదు. ఒమేర్ ముందు, ఆమె వెనక. ఇరుకైన మెలికల మెట్లు, పట్టుకోవడానికి గోడ వెంట వేలాడే తాడు. ఒమేర్ తాడును ఎడమచేత్తోనే పట్టుకున్నాడు. కుడిచెయ్యి పొట్టకు ఆనించుకున్నాడు. ప్రతి యాభై మెట్లకూ ఆగాడు.

"మెట్లు పెరిగాయా ఏంటి బాబాయ్?"

"మీ నాన్న దయ్యమై రాత్రికో మెట్టు పేరుస్తున్నాడు."

ఊపిరి అందక ఆ మాట మూడు ముక్కలుగా వచ్చింది. ఆమె కింద మెట్టు మీద నిలబడి ఆయన మడమలు చూస్తూ ఉండిపోయింది. పైనుంచి రాళ్ళ చల్లదనం దిగుతోంది. ఎక్కడో గడియారం పళ్ళ చక్రం టక్కుటక్కుమంటోంది. ఇంకో గంటలో ఏదో చెడ్డ కబురు వినబోతున్నట్టు ఆమెకు గుండె దడదడలాడింది. మెట్లెక్కడం వల్లే అనుకుంది. అన్నిటికీ సమాధానం చెప్పుకునే అలవాటు అంత తొందరగా పోదు.

గంటల కింద చెక్కగది. కిటికీలోంచి ఎండ నేరుగా పడుతోంది. ఒమేర్ బల్ల మీద కూలబడి ఆమె వైపు తిరిగాడు.

ఆయన ముఖం సగం తడిసి ఉంది.

ఎడమ నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా నిలిచి, చెంప మీదుగా కారి, గడ్డం దగ్గర చొక్కాలోకి దిగుతోంది. కుడివైపు ఏమీ లేదు. నుదురు మధ్యనుంచి ముక్కు మీదుగా గడ్డం దాకా ఎవరో దారం పట్టి గీత గీసినట్టు, ఆ గీతకు అవతల చర్మం పొడిగా, పాలిపోయి ఉంది. రోజెలీన్ దగ్గరికి వెళ్ళి కుడి చెంప మీద వేలు పెట్టింది. పాత కాగితం ముట్టుకున్నట్టుంది. తర్వాత ఆయన కళ్ళు చూసింది. కిటికీ రెక్క దగ్గరగా వేసి, నీడలో మళ్ళీ చూసింది. ఎడమ కంటిపాప నీడకు విచ్చుకుంది. కుడిది ఆవగింజంతే ఉండిపోయింది.

పుస్తకంలో ఆ పేజీ ఆమెకు గుర్తుంది. ఏ పక్క ఉందో, కింద బొమ్మ ఏదో కూడా గుర్తుంది. ముఖానికి చెమట పట్టించే నరమూ, రెప్ప ఎత్తే నరమూ మెడలోకి ఎక్కేది ఊపిరితిత్తి కొసను ఆనుకునే. చిటికెనవేలి నరం దిగేదీ అక్కణ్ణుంచే. రెండింటినీ ఒకేసారి నలిపేది గోపురం కాదు, బల్ల కాదు, పిడి కాదు. అక్కడ ఏదో పెరుగుతుండాలి.

"బాబాయ్, ఇది..."

"పదకొండు కొడుతోందమ్మా," అన్నాడు ఒమేర్. "కింద జనం ఉన్నారు. నన్ను వాయించనీ."

గడియారం కొట్టింది. చెక్కలన్నీ అదిరాయి. ఒమేర్ పిడికిళ్ళు ఎత్తాడు. ఆ గదిలో గంటలు మోగుతుంటే మాట్లాడటం కుదరదు, ఏడ్చినా వినపడదు. రోజెలీన్ ఫోన్ తీసి డాక్టరు పేరు దాకా వెళ్ళి, మళ్ళీ ఆపేసింది. గోడకు ఆనుకుని చూసింది. పదకొండు వారాల క్రితమే చూడాల్సింది. కుడిచేతి చిటికెనవేలు పిడి మీద పడటమే లేదు. ఆయన మణికట్టు ఎముకతో కొడుతున్నాడు, ముంజేతితో నెడుతున్నాడు. అందని పిడి దగ్గర భుజం మొత్తం విసురుతున్నాడు. ఒక పిడి దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆయన చెయ్యి గాలిలోనే వంగి వెనక్కి వచ్చేస్తోంది. అల్మాకు వినపడనిది అదే. ఆయన మాత్రం అది మోగినట్టే తల ఊపుతున్నాడు.

నాలుగో పాట అయ్యాక ఆయన ఆగాడు. ఒంటిగంట దాకా వాయించాల్సినవాడు ఎప్పుడూ అలా మధ్యలో ఆగడు. గంటల గొణుగుడు మెల్లగా చల్లారింది.

"ఈ చెమట ఎప్పట్నుంచి?" అంది రోజెలీన్.

"ఈస్టర్ ముందునుంచే."

"ఈస్టర్! మరి నాకు చెప్పలేదేం? అడగాల్సింది నేను, నిజమే, నాదే బుద్ధితక్కువ. కానీ ఒక్కమాట చెప్పకూడదా బాబాయ్? అద్దంలో చూసుకోలేదా?"

"చూసుకున్నా. చెప్తే దీనికి ఇంకో పేరు పెట్టేదానివి." ఒమేర్ మోచేతిని మళ్ళీ అరచేతిలోకి తీసుకున్నాడు. "నువ్వు తలుపు తీస్తూనే గోపురం వేలన్నావు. మీ నాన్నకి వచ్చిందే నాకూ వచ్చిందన్నమాట. ఆ పేరుకి భయం లేదమ్మా. రాత్రుళ్ళు కుర్చీలో కూర్చుని ఆ పేరే తలుచుకునేవాణ్ణి. అలా అయితే ఒక గంట కన్ను మూతపడేది."

రోజెలీన్ ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "ఇది నా నొప్పి కాదు బాబాయ్. నా చేతులకి దొరికేది కాదు. పదకొండు వారాలు నాదనుకుని దగ్గర పెట్టుకున్నాను."

"ఊపిరితిత్తా?"

ఆమె తలెత్తింది.

"ఆ రోజు పటం మీద నువ్వే గీశావు కదా," అన్నాడు ఒమేర్, కుడి మెడ ఎముక మీద ఎడమచేతి వేలు పెట్టుకుని. "ఇక్కడికొచ్చి, 'ఊపిరితిత్తి కొస మీదుగా' అన్నావు. నా గుండె ఆగినంత పనైంది. ముప్పయ్యేళ్ళు కాల్చిన చుట్టలన్నీ గుర్తొచ్చాయి. నీ వేలు మాత్రం అక్కడ ఆగలేదు. సర్రున దిగిపోయింది. అన్నీ తెలిసిన పిల్లే ఆగనప్పుడు నేనెందుకు ఆగాలి అనుకున్నా."

ఆమెకు ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఆ మెడ ఎముక కేసి చూస్తూ, తన వేలిని తానే విరుచుకోవాలన్నంత అసహ్యం కలిగింది. కింద సంతలో ఎవరో గట్టిగా నవ్వారు. మధ్యలో ఆగిన గంటల గురించి ఏదో జోకు వేసుకుంటున్నట్టున్నారు.

"లే," అన్నాడు ఒమేర్. "ఎవరికి ఫోన్ చెయ్యాలో చెయ్యి. నాకు ఎక్కడం కష్టం గానీ దిగడం తేలికే."

డాక్టర్ బోసార్ట్ ఆ మధ్యాహ్నమే ఎక్స్‌రే తీయించాడు. సోమవారం పెద్దాసుపత్రిలో స్కాను. కుడి ఊపిరితిత్తి కొసన కోడిగుడ్డంత గడ్డ. పై పక్కటెముకను కొరుక్కుతిని, నరాల కట్టను చుట్టేసుకుని ఉంది. ముందు మందులూ, కిరణాలూ పెడతామన్నారు. కుంచించుకుంటే కోసి తీయడం గురించి ఆలోచిస్తామన్నారు. కుంచించుకోకపోతే ఏమిటో చెప్పలేదు. ముందే వచ్చి ఉంటే, అన్న మాట ఒక కుర్ర డాక్టరు నోటిదాకా వచ్చింది, పక్కనున్న పెద్ద డాక్టరమ్మ అతని వైపు చూడగానే ఆగిపోయింది.

వరండాలో బోసార్ట్ రోజెలీన్ పక్కన చాలాసేపు నిలబడ్డాడు. మూడో వారంలో అడిగాను కదా అనలేదు. నేనైనా పట్టుబట్టాల్సింది అని తన తప్పు తాను చెప్పుకున్నాడు. ఆయన తిట్టి ఉంటే ఆమెకు కాస్త ఊరటగా ఉండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ రాత్రంతా ఆమె పాత పుస్తకాలు తిరగేస్తూ కూర్చుంది.

ఆసుపత్రి మంచం మీద ఒమేర్ కుడిచేతి కింద దిండు పెట్టి, మోచెయ్యి ఏ ఎత్తులో ఉంటే నొప్పి కాస్త సర్దుకుంటుందో వెతికి చూపించింది. ఆమె చేయగలిగింది అంతే మిగిలింది. అది మాత్రం పనిచేసింది. ఆయన అరగంట నిద్రపోయాడు. లేచాక, "నీ రిపోర్టులో రాసుకో. గోపురం వేలు, పెద్ద సైజు," అన్నాడు. రోజెలీన్ నవ్వలేక తల తిప్పుకుంది.

"ఊళ్ళో ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. ఈ శనివారం ఫెమ్కె వాయిస్తుంది. కిందనున్న వాళ్ళకి ఏం తెలుస్తుంది? గోడే కదా కనిపించేది."

జూలై మొదటి శనివారం ఆమె సంతకు వెళ్ళకూడదనుకుంది. ఇంట్లో కూర్చున్నా గంటలు వినపడతాయి కాబట్టి వెళ్ళింది. పదకొండు కొట్టింది. పాట మొదలైంది. ఒమేర్ ఎప్పుడూ మొదట వాయించే పాటే, నాన్న మొదట వాయించే పాటే. అది మెట్టు మెట్టుగా పైకెక్కింది. చిన్న గంటల దగ్గరికి వచ్చింది. వారాల తరబడి మూగపోయిన ఆ గంట, ఆ ఒక్క గంట, నీళ్ళచుక్క పడ్డట్టు టింగుమని మోగింది. మళ్ళీ పైకెక్కింది. మళ్ళీ మోగింది.

అల్మా చీజు కోసే తీగ వదిలేసి, రెండు చేతులూ పైకెత్తింది.

"విన్నారా! ఒక్కటీ తప్పలేదు! అయిదు వారాల కిందట నేనే చెప్పా, ఆ చెయ్యి కుంటుతోందని. నాలుగు వారాలన్నావు, ఒక్క వారం ఎక్కువైందంతే. శభాష్ రోజెలీన్! కామీల్ కూతురంటే కామీల్ కూతురే!"

పక్క దుకాణం చేపలవాడు చప్పట్లు కొట్టాడు. పూలమ్మే ఆవిడ కూడా కలిసింది. ఇద్దరు ముగ్గురు కొనుక్కునేవాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వుతూ చప్పట్లు కొట్టారు. అల్మా పెద్ద చీజు ముక్క కోసి, కాగితంలో చుట్టి, రోజెలీన్ చేతిలో కుక్కింది.

"ఇది నీకు. ఇంకోటి మీ బాబాయ్‌కి ఇస్తా. దిగాక ఇటు రమ్మను. ఆ చెయ్యి ఒకసారి నా చేత్తో పట్టుకుని చూడాలి."

రోజెలీన్ ఆ పొట్లం పట్టుకుని నిలబడింది. ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దన్నాడు ఒమేర్. కానీ తెలియని నొప్పికి మంచి పేరు పెట్టి ఊరుకుంటే ఏమవుతుందో పదకొండు వారాలు చూసింది. ఇంకో శనివారం అదే పని చేయడం ఆమె వల్ల కాలేదు.

"అది బాబాయ్ చెయ్యి కాదు పెద్దమ్మా," అంది.

అల్మా నవ్వుతూనే ఉంది ఒక క్షణం. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసింది. "మరి ఒమేర్ ఎక్కడ?"

రోజెలీన్ చీజు పొట్లాన్ని మెల్లగా బల్ల మీద తిరిగి పెట్టింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పైన గంటలు మాత్రం ఒక్కటీ తప్పకుండా మోగుతున్నాయి.